ట్రయల్ సాఫ్ట్‌వేర్‌లో మెనూలు, టూల్‌బార్లు మాయమయ్యాయా? అన్‌ఇన్‌స్టాల్ చేసే ముందు ఇది చదవండి

మాఘమాసం, పెళ్లిళ్ల సీజన్. రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్. డీటీపీ పని కొత్తగా మొదలుపెట్టిన కుర్రాడు, గొంతులో టెన్షన్ తెలుస్తోంది.

"అన్నా, కోరెల్‌లో అన్నీ పోయాయి. మెనూ లేదు, టూల్‌బాక్స్ లేదు. కార్డు ఒక్కటే కనిపిస్తోంది. ట్రయల్ అయిపోయిందేమో, తీసేసి మళ్లీ వేసేస్తా."

"ఆగు తమ్ముడూ. ఇప్పుడు ఏం నొక్కావు?"

"ఏమీ లేదన్నా. టెక్స్ట్ టూల్ కోసం ఎఫ్8 నొక్కా, అంతే."

"ఎస్కేప్ నొక్కు."

రెండు క్షణాలు చప్పుడు లేదు. తర్వాత సిగ్గుపడుతున్న నవ్వు వినిపించింది.

కోరెల్ అంటే కోరెల్‌డ్రా, డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్. అందులో టెక్స్ట్ టూల్‌కి ఎఫ్8. దాని పక్కనే ఉన్న ఎఫ్9 నొక్కితే ఫుల్‌స్క్రీన్ ప్రివ్యూ. అంటే మెనూలు, రూలర్లు, రంగుల పట్టీ అన్నీ పక్కకు తప్పుకుని బొమ్మ ఒక్కటే తెర నిండా కనిపిస్తుంది. వేలు ఒక్క మీట పక్కకు జారింది, అంతకు మించి ఏమీ జరగలేదు. కానీ ట్రయల్‌లో, అంటే కొనేముందు కొన్నాళ్లు వాడి చూసే గడువులో ఉన్నవాడికి మొదట వచ్చే అనుమానం అది కాదు. గడువు అయిపోయింది, కంపెనీవాళ్లు లాగేసుకున్నారు అనుకుంటాడు.

ఇరవై ఏళ్లుగా ఇలాంటి ఫోన్లు ఎత్తుతున్నాను కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పగలను. ఫొటోషాప్, కోరెల్‌డ్రా, మైక్రోసాఫ్ట్ 365 లాంటి పెద్ద సాఫ్ట్‌వేర్ల ట్రయల్‌లో, గడువు నడుస్తున్నన్నాళ్లూ, డబ్బు కట్టినవాళ్లకు వచ్చే టూల్సే మీకూ వస్తాయి. కాబట్టి ట్రయల్ మధ్యలో మెనూ పోయిందంటే దానికీ లైసెన్సుకూ చాలాసార్లు సంబంధమే ఉండదు. కొనేస్తే వచ్చేస్తుందేమో అని కార్డు తీయకండి. కొన్నాక కూడా ఆ ఖాళీ తెరే ఎదురవుతుంది.

తీసేసి మళ్లీ వేస్తే ఎందుకు రాదు

ఇది నా తలకు తగిలిన దెబ్బే. ఒకసారి ఓ ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ట్రయల్‌లో ప్యానెళ్లన్నీ పోయాయి. అన్‌ఇన్‌స్టాల్ కొట్టి, ఫోన్ హాట్‌స్పాట్ మీద రాత్రంతా మళ్లీ డౌన్‌లోడ్ పెట్టి, పొద్దున్నే కాఫీ గ్లాసుతో వచ్చి తెరిచాను. నిన్న ఎలా ఉందో అలాగే ఉంది, ప్యానెల్ ఒక్కటీ లేదు.

కారణం చాలా చిన్నది. సాఫ్ట్‌వేర్ ఒకచోట ఉంటుంది, మీరు దాన్ని ఎలా సర్దుకున్నారన్న లెక్క ఇంకోచోట ఉంటుంది. విండోస్‌లో సాఫ్ట్‌వేర్ మామూలుగా ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లోకి వెళ్తుంది. ఏ టూల్‌బార్ ఎక్కడుంది, ఏది మూసి ఉంది అన్న వివరాలు మీ యూజర్ ఫోల్డర్‌లో యాప్‌డేటా అనే దాగిన ఫోల్డర్‌లో ఉంటాయి. అన్‌ఇన్‌స్టాల్ చేసినప్పుడు మొదటిది పోతుంది, రెండోది చాలాసార్లు అలాగే మిగిలిపోతుంది. కొత్తగా వేసిన సాఫ్ట్‌వేర్ ఆ పాత లెక్క చదువుకుని మళ్లీ అలాగే తెరుచుకుంటుంది. పోనీ ట్రయల్ రోజులైనా మళ్లీ మొదటి నుంచి లెక్కవుతాయా అంటే అదీ లేదు. ఏడు రోజుల ట్రయల్‌లో ఒక రోజు నేను అలా తగలేసుకున్నాను.

ముందు రెండు నిమిషాల పరీక్ష

ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఈ వరుసలో వెళ్లండి.

మొదట ఎస్కేప్ రెండుసార్లు నొక్కండి. ప్రివ్యూ, స్లైడ్‌షో, రీడ్ మోడ్ లాంటివాటిలో ఇరుక్కుని ఉంటే ఇక్కడే బయటపడతారు.

తర్వాత ఆల్ట్ మీట ఒక్కసారి నొక్కి వదలండి. మెనూ బార్ దాచిపెట్టే అలవాటున్న సాఫ్ట్‌వేర్లు చాలావరకు దీనికి పలుకుతాయి. ఫైర్‌ఫాక్స్‌లో పాత ఫైల్, ఎడిట్ మెనూలు బయటికొచ్చేదీ ఇలాగే.

మూడోది, ఒక కొత్త డాక్యుమెంట్ తెరవండి. ఇది చాలామందికి తట్టదు. ఇప్పటి ఫొటోషాప్ తెరవగానే హోమ్ స్క్రీన్ వస్తుంది. ఫైల్ ఏదీ తెరవకపోతే టూల్‌బార్ గానీ లేయర్ల ప్యానెల్ గానీ కనిపించవు. కోరెల్‌డ్రాలో కూడా ఫైల్ లేనప్పుడు టూల్స్ బూడిద రంగులో పడి ఉంటాయి. మొదటిసారి తెరిచినవాళ్లు అది చూసి ట్రయల్ వెర్షన్ ఇంతేనేమో అనుకుంటారు. కంట్రోల్, ఎన్ నొక్కి కొత్త ఫైల్ తీస్తే అన్నీ బయటికొస్తాయి.

నాలుగోది, తెర పైన టైటిల్ బార్ చదవండి. అన్‌లైసెన్స్‌డ్, ఎక్స్‌పైర్డ్, వ్యూయర్, రీడ్ ఓన్లీ, ప్రొటెక్టెడ్ వ్యూ లాంటి మాట ఏదైనా కనిపిస్తే సమస్య సగం తేలిపోయినట్టే. ఈ దశలోనే విండోస్ మీట, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కి ఒక స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. తర్వాత ఎవరిని అడిగినా ముందు అడిగేది అదే.

ఇక్కడే ఇంకో సంగతి తేల్చుకోవాలి. మీ మెనూ అసలు లేదా, లేక ఉండి బూడిద రంగులో పడి ఉందా? "పోయింది" అని ఫోన్ చేసేవాళ్లలో చాలామందికి నిజానికి పోలేదు, నొక్కితే పలకడం లేదు, అంతే. కనిపించకపోతే అది దాక్కుని ఉంటుంది, లేదా తెర బయట ఉంటుంది. కనిపించి పలకకపోతే లైసెన్సో, ఫైల్ స్థితో కారణం. ఈ రెండింటికీ మందు వేరు.

దాక్కున్నవాటిని బయటికి తేవడం

కోరెల్‌డ్రాతో మొదలుపెడదాం. మన దగ్గర ఫ్లెక్స్ షాపులు, శుభలేఖల డిజైనర్లు ఎక్కువగా పట్టుకునేది దీన్నే. మెనూ బార్ లేకపోయినా ఏదో ఒక టూల్‌బార్ మిగిలి ఉంటే దానిమీద రైట్ క్లిక్ చేయండి. మెనూ బార్, స్టాండర్డ్, ప్రాపర్టీ బార్, టూల్‌బాక్స్, స్టేటస్ బార్ అంటూ జాబితా వస్తుంది. టిక్ లేనివాటికి టిక్ పెట్టండి. ఆ జాబితాలోనే లాక్ టూల్‌బార్స్ అని ఉంటుంది, సర్దుకోవడం అయ్యాక దానికీ టిక్ పెట్టేయండి. టూల్‌బార్లు మాయమయ్యే కేసుల్లో చాలావాటికి కారణం మౌస్‌తో తెలియకుండా పక్కకు లాగేయడమే.

టూల్‌బాక్స్ ఉంది, అందులో ఒకటి రెండు టూల్స్ మాత్రమే లేవు అంటే దాని అడుగున ఉన్న చిన్న ప్లస్ గుర్తు నొక్కండి, ఏవి కనిపించాలో అక్కడ ఎంచుకోవచ్చు. అప్పటికీ తక్కువగా ఉంటే మీరు లైట్ అనే వర్క్‌స్పేస్‌లో (టూల్స్, ప్యానెళ్ల అమరికలో) ఉన్నారేమో చూడండి. కొత్తవాళ్లు బెదరకుండా ఉండాలని అందులో టూల్స్ తగ్గించి ఇచ్చారు. విండో మెనూలో వర్క్‌స్పేస్‌కి వెళ్లి డిఫాల్ట్ ఎంచుకుంటే మిగతావి వస్తాయి.

పట్టుకోవడానికి ఒక్క టూల్‌బార్ కూడా మిగలకపోతే కోరెల్‌డ్రా మూసేయండి. ఎఫ్8 మీట నొక్కి పట్టుకుని మళ్లీ తెరవండి. కంపెనీ ఇచ్చిన మొదటి అమరికకు మార్చమంటారా అని అడిగేదాకా వేలు తీయొద్దు. సరే అంటే అంతా కొత్తగా వస్తుంది. మీరు సొంతంగా పెట్టుకున్న షార్ట్‌కట్లు పోతాయి, అది గుర్తుంచుకుని సరే అనండి. చాలా ల్యాప్‌టాప్‌లలో ఎఫ్8 మీద వాల్యూమో వెలుతురో రాసి ఉంటుంది. అలాంటివాటిలో ఎఫ్‌ఎన్ మీట కూడా కలిపి పట్టుకోవాలి. ఎఫ్8 పని చేయట్లేదన్నా అని ఫోన్ చేసినవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే.

ఫొటోషాప్‌లో నేరం చేసేది ట్యాబ్ మీట. ఒక్కసారి తగిలితే టూల్‌బార్, ప్యానెళ్లు అన్నీ దాక్కుంటాయి. మళ్లీ నొక్కితే వస్తాయి. షిఫ్ట్‌తో కలిపి నొక్కితే టూల్‌బార్ ఉండి, కుడివైపు ప్యానెళ్లు మాత్రం పోతాయి. రెండోది ఎఫ్ అక్షరం. టెక్స్ట్ టైప్ చేస్తున్నామనుకుని ఎఫ్ కొడితే స్క్రీన్ మోడ్ మారిపోతుంది, మూడుసార్లు నొక్కితే చుట్టూ తిరిగి మామూలు స్థితికి వస్తుంది. ఈ మీటలు పలకకపోతే అక్షరాల కర్సర్ ఇంకా మెరుస్తూ ఉందేమో చూసి ముందు ఎస్కేప్ నొక్కండి.

పైన ఉండాల్సిన ఆప్షన్స్ బార్ ఒక్కటే లేదంటే విండో మెనూలో ఆప్షన్స్‌కి టిక్ పెట్టాలి. టూల్‌బార్ లేదంటే అక్కడే టూల్స్‌కి. ప్యానెళ్లు చెల్లాచెదురైతే విండో మెనూలో వర్క్‌స్పేస్, అందులో రీసెట్ ఎసెన్షియల్స్. చిన్న లెక్క ఒకటి చెప్పాలి. ఫొటోషాప్‌కి కనీసం 1280 బై 800 తెర కావాలని దాని కంపెనీ అడోబ్ అంటుంది. మన పిల్లల చేతుల్లో ఉన్న తక్కువ ధర ల్యాప్‌టాప్‌లు చాలావరకు 1366 బై 768. వెడల్పు సరిపోతుంది, ఎత్తు సరిపోదు. అందుకే నిలువు టూల్‌బార్ కింది భాగం తెగిపోయి జూమ్, రంగుల గళ్లు కనిపించవు. టూల్‌బార్ నెత్తిన ఉన్న జంట బాణం నొక్కితే రెండు వరుసలుగా మారి మొత్తం ఇమిడిపోతుంది.

వర్డ్, ఎక్సెల్‌లో పైన రిబ్బన్ (బటన్ల పట్టీ) ముడుచుకుపోతే కంట్రోల్, ఎఫ్1. ట్యాబ్ పేర్లు కూడా లేకుండా అంతా పోతే తెర పై అంచున క్లిక్ చేయండి లేదా ఆల్ట్ నొక్కండి. రిబ్బన్ కుడి మూలలో ఉండే చిన్న బాణంలో ఎప్పుడూ చూపించు అన్న ఎంపిక దొరుకుతుంది. ఎవరో పంపిన ఎక్సెల్ ఫైల్ తెరిచాకే రిబ్బన్ పోయిందంటే ఆ ఫైల్‌లో రిబ్బన్‌ను దాచే మాక్రో (ఫైల్‌లోనే రాసిపెట్టిన చిన్న ప్రోగ్రామ్) ఉండొచ్చు. ఎక్సెల్ మొత్తం మూసి, ఖాళీ ఫైల్‌తో తెరిచి చూస్తే తెలిసిపోతుంది.

ఆఫీస్‌లో ఇంకో రకం ఫిర్యాదు ఉంది. పీడీఎఫ్ తయారు చేసేదో, వ్యాకరణం దిద్దేదో ఒక ట్రయల్ వేసుకుంటారు. అది వర్డ్‌లో తన పేరుతో ఒక ట్యాబ్ పెడుతుంది. వర్డ్ ఒకసారి క్రాష్ అయ్యాక ఆ ట్యాబ్ కనిపించదు. అక్కడ ట్రయల్ తప్పేమీ లేదు, వర్డే దాన్ని అనుమానించి పక్కన కూర్చోబెట్టింది. ఫైల్, ఆప్షన్స్, యాడ్ ఇన్స్‌కి వెళ్లండి. అడుగున మేనేజ్ అన్నచోట డిజేబుల్డ్ ఐటమ్స్ ఎంచుకుని గో నొక్కండి. అందులో దాని పేరుంటే ఎనేబుల్ చేయండి. లేకపోతే మళ్లీ అక్కడే కామ్ యాడ్ ఇన్స్ తెరిచి టిక్ పెట్టండి.

ఆటోక్యాడ్‌లో పాలిటెక్నిక్ పిల్లలు ఎక్కువగా పడేది కంట్రోల్, సున్నా దగ్గర. అది క్లీన్ స్క్రీన్, గీతల జాగా తప్ప అన్నీ తీసేస్తుంది, మళ్లీ అదే నొక్కితే తిరిగొస్తాయి. రిబ్బన్ పోతే కమాండ్ లైన్‌లో రిబ్బన్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి ఎంటర్ కొట్టండి. ఫైల్, ఎడిట్ మెనూలు కావాలంటే మెనూ, బార్ అన్న రెండు ఇంగ్లిష్ మాటలు మధ్యలో ఖాళీ లేకుండా కొట్టి, విలువ 1 ఇవ్వండి. ఆ కమాండ్ లైనే కనిపించకపోతే కంట్రోల్, 9.

పీడీఎఫ్‌లు తెరిచే అక్రోబాట్ పాత రూపంలో మెనూ బార్ దాచేదీ తెచ్చేదీ ఎఫ్9. కొత్త రూపంలో ఆ మెనూలన్నీ ఎడమ మూలలో మెనూ అనే ఒక్క బటన్‌లోకి ముడుచుకున్నాయి, వెతకాల్సింది అక్కడ.

తెర బయటికి జారిపోయినవి

షాపులో రెండు మానిటర్లు పెట్టి పనిచేస్తారు, ఇంటికి ల్యాప్‌టాప్ ఒక్కటే తెస్తారు. ప్యానెల్ మాత్రం తన చోటు షాపులో ఉన్న రెండో మానిటర్ మీదే అనుకుంటుంది. విండో మెనూలో టిక్ ఉంటుంది, తెర మీద మాత్రం ప్యానెల్ ఉండదు. ఇలాంటప్పుడు విండోస్ మీట, పి కలిపి నొక్కి పీసీ స్క్రీన్ ఓన్లీ ఎంచుకుని, సాఫ్ట్‌వేర్ మూసి మళ్లీ తెరవండి. అప్పటికీ రాకపోతే వర్క్‌స్పేస్ రీసెట్ చేస్తే ప్యానెల్ ఇంటికొస్తుంది. మొత్తం విండోనే బయట ఉండిపోతే ఆల్ట్, స్పేస్ నొక్కి, ఎం కొట్టి, ఏదో ఒక బాణం మీట ఒకసారి నొక్కండి. ఇప్పుడు మౌస్ కదిపితే విండో దానితోపాటే వచ్చేస్తుంది.

రెండో కారణం విండోస్ స్కేలింగ్. అక్షరాలు పెద్దగా కనబడాలని 150 శాతం పెట్టుకుంటే టూల్‌బార్లూ పెద్దవై అంచు దాటిపోతాయి. టూల్‌బార్ చివర జంట బాణం కనిపిస్తే మిగతా బటన్లు అందులో ఉన్నాయని అర్థం. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్కేల్‌ను 100కి తగ్గించి ఒకసారి చూడండి. పాతకాలపు సాఫ్ట్‌వేర్ అయితే దాని ఐకాన్ ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ, అందులో హై డీపీఐ సెట్టింగ్స్ మార్చే బటన్ ఉంటుంది. ఓవర్‌రైడ్‌కి టిక్ పెట్టి సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్ ఎంచుకుంటే చాలావరకు కుదురుకుంటుంది.

కనిపిస్తాయి, నొక్కితే పలకవు

లైసెన్సు మాట వచ్చేది ఇక్కడే. అయితే దానికన్నా ముందు ఫైల్ స్థితి చూడండి. ప్రింటింగ్‌కి పంపాలని ముందే ఫొటోషాప్ ఫైల్‌ని సీఎంవైకే (ప్రింటింగ్ ఇంకుల రంగుల పద్ధతి) చేసుకుంటారు. ఆ తర్వాత ఫిల్టర్ గ్యాలరీ బూడిద రంగులోకి పోయిందని, ట్రయల్‌లో ఫిల్టర్లు ఇవ్వరని తేల్చేస్తారు. ఆ గ్యాలరీ సీఎంవైకేలో పనిచేయదు, డబ్బు కట్టినవాళ్లకీ అంతే. పని అంతా ఆర్‌జీబీలో (తెర రంగుల పద్ధతిలో) చేసుకుని, చివర్లో మార్చుకోవడం మంచిది. అలాగే వర్డ్‌లో మెయిల్ నుంచి తెరిచిన ఫైల్ ప్రొటెక్టెడ్ వ్యూలో ఉంటుంది, పైన పసుపు పట్టీలో ఎనేబుల్ ఎడిటింగ్ నొక్కేదాకా రిబ్బన్ పలకదు.

ఫైల్ బాగానే ఉందనుకుందాం. గడువు ముగిసినప్పుడు ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కోలా ప్రవర్తిస్తుంది. ఫొటోషాప్ తెరవగానే మొహం మీదే చెప్పేస్తుంది. కోరెల్‌డ్రా తెరుచుకుంటుంది కానీ ఫైళ్లు చూడటం వరకే, సేవ్, ఎక్స్‌పోర్ట్, ప్రింట్ లాంటివి ఆగిపోతాయి. మైక్రోసాఫ్ట్ 365 ట్రయల్ ఒక నెల. అది అయ్యాక ఫైల్ తెరిచి చదవొచ్చు, ప్రింట్ తీయొచ్చు, మార్చడానికి మాత్రం వీల్లేదు. రిబ్బన్‌లో బటన్లు చాలావరకు బూడిద రంగులోకి వెళ్తాయి.

కొత్త ల్యాప్‌టాప్ కొన్నవాళ్లు ఇక్కడ ఆగి బిల్లు తీసి చూసుకోవాలి. ల్యాప్‌టాప్‌తోపాటు ఆఫీస్ శాశ్వత లైసెన్సు ఇచ్చి ఉండొచ్చు, దాంతోపాటు 365 ట్రయల్ కూడా అందులోనే ఉండొచ్చు. చాలామంది ట్రయల్‌నే మొదలుపెట్టేసి, నెల తర్వాత రిబ్బన్ చచ్చిపోయిందని మళ్లీ డబ్బు కడతారు. ఫైల్ మెనూలో అకౌంట్ తెరిచి ఏ ప్రొడక్ట్ నడుస్తోందో చదవండి. ల్యాప్‌టాప్ మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఇచ్చిన మెయిల్ ఐడీతోనే లాగిన్ అవ్వండి. ఇంట్లో నాన్నగారి మెయిల్‌తో ఒకటి, అబ్బాయి మెయిల్‌తో ఒకటి ఉంటే గందరగోళం అక్కడే మొదలవుతుంది. అడోబ్‌కీ ఇదే వర్తిస్తుంది. ట్రయల్ ఏ ఐడీ మీద మొదలైందో ఆ ఐడీకే కట్టుబడి ఉంటుంది.

గడువు ఇంకా ఉంది, ఐడీ సరైనదే, అయినా లైసెన్సు తప్పు చూపిస్తోందా? అయితే ఈ కంప్యూటర్ ఇంతకుముందు ఎవరిదో అడగండి. క్రాక్ (డబ్బు కట్టకుండా లైసెన్సును దాటేసే దొంగదారి) వేసినవాళ్లు కంపెనీ సర్వర్‌ను అడ్డుకోవడానికి విండోస్‌లోని హోస్ట్స్ అనే ఫైల్‌లో కొన్ని వరుసలు రాసిపెడతారు. క్రాక్ తీసేసినా ఆ వరుసలు ఉండిపోతాయి. నిజాయతీగా ట్రయల్ వేసుకున్న మీ సాఫ్ట్‌వేర్ సర్వర్‌ను చేరలేక చేతులెత్తేస్తుంది. విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32, అందులో డ్రైవర్స్, అందులో ఈటీసీ ఫోల్డర్‌లో ఆ ఫైల్ ఉంటుంది. నోట్‌ప్యాడ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ముందు ఫైల్‌కి ఒక కాపీ తీసుకుని, ఆ కంపెనీ పేరున్న వరుసలు చెరిపేసి సేవ్ చేయండి. సెకండ్ హ్యాండ్ కంప్యూటర్లలో ఇది నేను చాలాసార్లు చూశాను.

కంప్యూటర్ తేదీ వెనక్కి తిప్పితే ట్రయల్ పెరుగుతుందని ఒక పాత నమ్మకం ఉంది. పెరగదు సరికదా, తేదీ తప్పితే బ్రౌజర్‌లో సైట్లు కూడా సరిగా తెరుచుకోవు.

ట్యాలీ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే అకౌంట్స్ నేర్చుకునేవాళ్లు దాని దగ్గర తరచూ తికమక పడతారు. లైసెన్సు లేకుండా వాడుకునే ఎడ్యుకేషనల్ మోడ్‌లో మెనూలన్నీ ఉంటాయి, వోచర్లు మాత్రం నెలలో కొన్ని తేదీలకే పడతాయి. అంటే "తేదీ తీసుకోవట్లేదు" అన్నది మోడ్ వల్ల. "జీఎస్టీ కనిపించట్లేదు" అన్నది మాత్రం మోడ్ వల్ల కాదు. ట్యాలీలో మీరు ఆన్ చేసినవే మెనూలో కనిపిస్తాయి. ఎఫ్11 నొక్కి కంపెనీ ఫీచర్లలో జీఎస్టీకి యస్ (అవును) అని పెట్టండి. జాబితా చిన్నగా ఉంటే అక్కడే షో మోర్ ఫీచర్స్‌కి కూడా యస్ పెడితే మిగతావి కిందకు దిగుతాయి. ఆఫీసులో వేరొకరు యజమానిగా ఉన్న కంపెనీ డేటా అయితే మీ యూజర్‌కి కొన్ని మెనూలు ఇవ్వకపోయి ఉండొచ్చు, అప్పుడు ఎన్ని మీటలు నొక్కినా లాభం లేదు, యజమానినే అడగాలి.

అసలు ఇందులో లేనివి

పాత వీడియో చూస్తూ కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే లేని మెనూ కోసం గంటలు వెతకాల్సి వస్తుంది. వర్డ్, ఎక్సెల్‌లో పాత మెనూలు, టూల్‌బార్లు పోయి రిబ్బన్ వచ్చింది 2007లో. ఆటోక్యాడ్ క్లాసిక్ వర్క్‌స్పేస్‌ని ఆటోక్యాడ్ 2015 నుంచి తీసేశారు. పాత ల్యాబుల్లో నేర్చుకుని వచ్చినవాళ్లు డ్రా, మోడిఫై టూల్‌బార్ల కోసం ఇప్పటికీ తడుముకుంటారు. మెనూ బార్ తెచ్చుకున్నాక టూల్స్, టూల్‌బార్స్, ఆటోక్యాడ్ అన్నచోట అవి ఒక్కొక్కటిగా దొరుకుతాయి. ఆటోక్యాడ్ ఎల్‌టీ వేసుకుని 3డీ మోడలింగ్ మెనూ కోసం వెతికితే మాత్రం దొరకదు, ఆ ఎడిషన్‌లో అది లేదు. వర్డ్‌లో డెవలపర్ ట్యాబ్ ఉంటుంది కానీ మొదట దాచి ఇస్తారు. ఫైల్, ఆప్షన్స్, కస్టమైజ్ రిబ్బన్‌లో టిక్ పెడితే వస్తుంది.

ఏదీ కుదరకపోతే

ఇప్పుడు రీసెట్. ఫొటోషాప్ అయితే ఐకాన్ నొక్కిన వెంటనే కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడూ కలిపి పట్టుకోండి, సెట్టింగ్స్ ఫైల్ తీసేయమంటారా అని అడుగుతుంది. సొంత యాక్షన్లు, వర్క్‌స్పేస్‌లు ఉంటే ముందే సేవ్ చేసి పెట్టుకోవాలి. ఆఫీస్‌లో కస్టమైజ్ రిబ్బన్ తెరలోనే రీసెట్ ఉంటుంది. ఆటోక్యాడ్‌కి స్టార్ట్ మెనూలో దాని ఫోల్డర్ కిందే రీసెట్ సెట్టింగ్స్ టు డిఫాల్ట్ అని ఉంటుంది. లిబ్రేఆఫీస్‌లో హెల్ప్ మెనూ నుంచి సేఫ్ మోడ్‌లో తెరవొచ్చు.

ఇలాంటి రీసెట్ ఏదీ లేని చిన్న సాఫ్ట్‌వేర్ అయితే చేత్తో చేయాలి. సాఫ్ట్‌వేర్ మూసేయండి. విండోస్ మీట, ఆర్ నొక్కి, ఇంగ్లిష్‌లో యాప్‌డేటా అన్న మాటకు ముందూ వెనకా పర్సెంట్ గుర్తు పెట్టి ఎంటర్ కొట్టండి. తెరుచుకున్నచోట ఆ కంపెనీ పేరుతో ఫోల్డర్ ఉంటుంది. దాన్ని చెరిపేయొద్దు. పేరు చివర పాత అని తగిలించి వదిలేయండి. సాఫ్ట్‌వేర్ మళ్లీ తెరిస్తే కొత్త ఫోల్డర్ అదే పుట్టించుకుంటుంది. మెనూలు రాకపోతే పాత పేరు తిరిగి పెట్టేస్తే సరి, పోయిందేమీ ఉండదు.

దీనికీ లొంగకపోతే విండోస్ సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌కి వెళ్లి ఇంకో యూజర్ చేసి, అందులోంచి సాఫ్ట్‌వేర్ తెరవండి. అక్కడ మెనూలు కనిపిస్తే తప్పు మీ యూజర్ సెట్టింగ్స్‌లో ఉంది, అన్‌ఇన్‌స్టాల్ అక్కర్లేదు. అక్కడా లేకపోతే ఇన్‌స్టలేషనే చెడింది. అప్పుడు కూడా ముందు ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో దాని పక్కన మూడు చుక్కలు నొక్కి, మోడిఫైలో రిపేర్ ఉంటే అది చేయండి. తీసేసి మళ్లీ వేయడం ఆ తర్వాతే. వేసేటప్పుడు పాత సెట్టింగ్స్ ఉంచాలా తీయాలా అని అడిగితే తీసేయమనండి.

కంపెనీకి రాయాల్సి వస్తే "మెనూ రావట్లేదు" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే వాళ్లు తిరిగి అడిగే ప్రశ్నలకే మూడు రోజులు పోతాయి. సాఫ్ట్‌వేర్ పూర్తి వెర్షన్ నంబరు, విండోస్ వెర్షన్, తెర కొలత, స్కేల్ శాతం, ఏ ఐడీతో లాగిన్ అయ్యారు, కొత్త యూజర్‌లో ఏం జరిగింది అన్నవన్నీ మొదటి మెయిల్‌లోనే రాసి స్క్రీన్‌షాట్ పెట్టండి. పోయిన రోజులకు ట్రయల్ పొడిగిస్తారా అని కూడా అందులోనే అడగండి, అడిగినంత మాత్రాన పోయేదేమీ లేదు. అడోబ్ ట్రయల్‌కి కార్డు ఇచ్చి ఉంటే మాత్రం ఆ జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చోకండి. ఏడు రోజుల్లో రద్దు చేసుకోకపోతే అది దానంతట అదే డబ్బు కట్టే ప్లాన్‌గా మారిపోతుంది.

ఆ కుర్రాడికి ఆ రాత్రి ఫోన్ పెట్టేసే ముందు ఇంకో పని కూడా చేయించాను. అతని ట్రయల్ కొత్త వెర్షన్, ప్రెస్సులో ఉన్నది ఎప్పటిదో పాత కోరెల్. కొత్తదాంట్లో చేసిన ఫైల్ పాతదాంట్లో తెరుచుకోదు. అందుకని సేవ్ యాజ్‌లో వెర్షన్ అన్నచోట పాత నంబరు పెట్టించి ఒక కాపీ, దానిలో అక్షరాలన్నీ సెలెక్ట్ చేసి కంట్రోల్, క్యూతో కర్వ్స్‌గా (ఫాంట్ అక్కర్లేని గీతల బొమ్మలుగా) మార్పించి ఇంకో కాపీ, ఒక పీడీఎఫ్ తీయించాను. ట్రయల్‌కి ఇంకా నాలుగు రోజులుంది, కానీ వధువు పేరులో ఒత్తు మారిందని వాళ్లు ఐదో రోజున ఫోన్ చేస్తే మార్చుకోవడానికి అక్షరాలు అక్షరాలుగానే ఉన్న మొదటి కాపీని చెరపకుండా దాచుకోమన్నాను. ప్రెస్సువాళ్ల కంప్యూటర్‌లో కూడా ఒకటి పెట్టి రమ్మన్నాను, వాడిన తెలుగు ఫాంట్‌తో సహా.